అట్టముక్కలు, బేడీలు, గడువు తీరిన కేసులు

2025 జూలై 22 రాత్రి ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్షుడి కార్యాలయానికి దగ్గర్లో ఉన్న నాటకశాల ముందు కుర్రకారు గుమిగూడారు. అట్టపెట్టెలు చింపి రాసుకున్న మాటలే వాళ్ల ప్లకార్డులు. యుద్ధం నడుస్తున్న దేశమది. సైనిక చట్టం అమల్లో ఉంది, సభలూ ఊరేగింపులూ నిషేధం. ఏ రాత్రి ఏ వీధిలో క్షిపణి పడుతుందో తెలియని ఊళ్లో వాళ్లు రోడ్డెక్కింది రెండు దర్యాప్తు ఆఫీసుల కోసం. ఒకటి నాబూ అనే అవినీతి నిరోధక బ్యూరో. రెండోది దాని కేసుల్ని కోర్టులో నడిపే సాపో అనే ప్రత్యేక ప్రాసిక్యూటర్ల కార్యాలయం. ఆ రెండింటినీ ప్రాసిక్యూటర్ జనరల్ చెప్పుచేతల్లో పెట్టే చట్టాన్ని ఆ రోజే పార్లమెంటు 263 ఓట్లతో ఆమోదించింది, అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆ రోజే సంతకం చేశాడు. తొమ్మిది రోజులకు, జూలై 31న, అదే పార్లమెంటు 331 ఓట్లతో, ఎదురుగా ఒక్క ఓటూ పడకుండా, తీసేసుకున్న అధికారాలను తిరిగిచ్చింది.

పోలీసు ఆఫీసన్నా సర్కారీ వకీలన్నా ఆమడ దూరం పోయే జనం ఒక దర్యాప్తు సంస్థ కోసం ఇలా నిలబడటం మామూలు సంగతి కాదు. యూరోపియన్ యూనియన్‌ (ఈయూ)లో చేరడానికి వరసలో నిలబడ్డ దేశాల్లో, చేరి కొన్నేళ్లయిన దేశాల్లో ఇది మళ్లీమళ్లీ కనిపిస్తోంది. ఆ నమ్మకం ఎక్కడిది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నదే ఇక్కడి వాదం. వాదించేవాళ్లలో ఒకరు ఏసీబీ కేసుల్లో ముద్దాయిల తరఫున నిలబడే లాయరు. రెండోవారు ఆయనకు డిగ్రీలో రాజనీతిశాస్త్రం చెప్పిన లెక్చరరు. మధ్యలో ఉండబట్టలేని చోట నా మాటా ఉంటుంది.

లాయరు: ఆ కుర్రాళ్ల ధైర్యానికి దండం పెడతాను మేడమ్. కానీ వాళ్లు నాబూ మీద ప్రేమతో వచ్చారంటే ఒప్పుకోను. అక్కడి సర్వేల్లో ఏళ్ల తరబడి నాబూను నమ్మేవాళ్లకంటే నమ్మనివాళ్లే ఎక్కువగా తేలుతూ వచ్చారు. ఒక్క రాత్రిలో అంత అభిమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? వాళ్లు కాపాడుకున్నది ఐరోపాకు పోయే దారిని. ప్రభుత్వాన్ని కూల్చిన మైదాన్ ఉద్యమం తర్వాత ఆ సంస్థను పట్టుబట్టి పెట్టించింది ఐఎంఎఫ్, ఈయూ. 2017లో వీసా లేకుండా ఐరోపాలో తిరిగే వీలు దొరికిందంటే దానికి పెట్టిన షరతుల్లో అదొకటి. సంస్థను ముట్టుకుంటే ఆ దారి మూసుకుపోతుందని జనానికి తెలుసు.

లెక్చరరు: దారి కోసమేనంటావు. సరే, ఆ దారిన చివరిదాకా నడిచి లోపలికి వెళ్లిపోయిన దేశాన్ని చూద్దాం. రొమేనియా 2007 జనవరి 1న ఈయూలో చేరింది. నీ లెక్కన ఆ రోజుతో జనానికి అవినీతి నిరోధక సంస్థతో పని తీరిపోవాలి. పదేళ్ల తర్వాత, 2017 ఫిబ్రవరి 5న, దేశమంతటా దాదాపు 5 లక్షల మంది గడ్డకట్టే చలిలో వీధుల్లో నిలబడ్డారు. 1989లో నియంత చౌషెస్కు పడిపోయిన తర్వాత అంత పెద్ద నిరసన ఆ దేశం చూడలేదు. దేనికోసం? అధికార దుర్వినియోగం వల్ల జరిగిన నష్టం 2 లక్షల లెయ్‌ల లోపుంటే అది నేరమే కాదని ప్రభుత్వం జనవరి 31 రాత్రి పొద్దుపోయాక అత్యవసర ఆర్డినెన్సు తెచ్చింది. 2 లక్షల లెయ్‌లంటే అప్పటి లెక్కలో 44 వేల యూరోలకు పైమాటే. అప్పటికి లోపలికి చేరిపోయిన దేశం కదా, వాళ్లు ఏ దారిని కాపాడుకున్నట్టు?

లాయరు: అక్కడికి వద్దాం. ముందు ఆ సంస్థ ఎలా పుట్టిందో మీరే చెప్పండి.

లెక్చరరు: చెబుతాను, నీ వాదానికే పనికొస్తుంది. 2002లో ప్రధాని అడ్రియన్ నస్తాసే ప్రభుత్వం ప్రత్యేక ప్రాసిక్యూటర్ల కార్యాలయం పెట్టింది. ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్ పోరు పడలేక పెట్టిందనే చెప్పాలి. మొదటి మూడేళ్లు పెద్దవాళ్లెవరి జోలికీ పోలేదు. 2004 చివర్లో ప్రభుత్వం మారి, పౌరహక్కుల ఉద్యమం నుంచి వచ్చిన మోనికా మకోవేయి న్యాయశాఖ మంత్రి అయ్యింది. ఆ మరుసటేడు డేనియల్ మొరార్ ఆ కార్యాలయానికి అధిపతిగా వచ్చాడు. సంస్థ పేరు డీఎన్ఏగా మారిందీ ఆ రోజుల్లోనే. చేరిక ఒప్పందంలో ఒక మెలిక ఉంది: న్యాయవ్యవస్థ సంస్కరణలు సరిగ్గా సాగకపోతే చేరికను ఏడాది వాయిదా వెయ్యొచ్చు. మంత్రులూ మాజీ ప్రధానీ మొదటిసారి కేసుల్లోకి వచ్చింది ఆ మెలిక నెత్తిమీద ఉన్న రోజుల్లోనే.

లాయరు: మరి చేరిక అయిపోయాక మకోవేయి పదవి ఎన్నాళ్లుంది? 2007 జనవరిలో ప్రవేశం, ఏప్రిల్ మొదట్లో ఆమెకు ఉద్వాసన. మూడు నెలలు, అంతే. రాజకీయ నాయకులు ఆ సంస్థను ఐరోపా గుమ్మం దగ్గర చూపించాల్సిన కాగితంగానే చూశారు. గుమ్మం దాటాక కాగితంతో ఏం పని?

లెక్చరరు: నాయకులు అలా చూశారు, ఒప్పుకుంటాను. జనం అలా చూడలేదు. ఎందుకంటే కాగితమనుకున్నది పనిచేయడం మొదలుపెట్టింది. 2012 జూన్‌లో నస్తాసేకు ఎన్నికల నిధుల కేసులో రెండేళ్ల శిక్ష ఖాయమైంది. ఆ కార్యాలయాన్ని పెట్టిన ప్రధానే ఆ కార్యాలయం పెట్టిన కేసులో జైలుకెళ్లాడు. కమ్యూనిస్టు పాలన పోయాక జైలుకెళ్లిన మొదటి మాజీ ప్రధాని ఆయనే. డాక్టరుకి కవరు ఇస్తేగానీ వైద్యం దొరకని, గుమాస్తా చెయ్యి తడిపితేగానీ ఫైలు కదలని దేశంలో ఇంటింటా టీవీలో ఆ వార్త చూసిన మనిషికి ఏమనిపించి ఉంటుంది? ఈ చట్టం నా మీదే కాదు, వాళ్ల మీద కూడా పనిచేస్తుందని జీవితంలో మొదటిసారి అనిపించి ఉంటుంది. బ్రస్సెల్స్ ఇవ్వగలిగిన నమ్మకం కాదది.

లాయరు: మీరే అన్నారు, టీవీలో చూసిన మనిషికని. నా బాధ అంతా అక్కడే ఉంది. డీఎన్ఏ ఆఫీసు మెట్ల మీద చేతికి బేడీలతో మంత్రి దిగుతుంటే కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. మూడేళ్ల తర్వాత ఆ మనిషి నిర్దోషని కోర్టు చెప్పే రోజున ఒక్క కెమెరా ఉండదు. విక్టర్ పోంటా ప్రధానిగా ఉండగానే 2015లో ఆయన మీద అభియోగపత్రం వేశారు. లాయరుగా పనిచేసిన రోజుల్లోని దొంగ బిల్లుల కేసు. 2018 మేలో దేశ అత్యున్నత న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది. రాజ్యాంగ న్యాయస్థానం జడ్జి ఒకాయన కేసులో ఇరుక్కుని కుర్చీ వదులుకోవలసి వచ్చింది, చివరికి ఆయనా నిర్దోషిగా తేలాడు. ఆ మధ్య కాలమంతా వాళ్లు జనం కళ్లలో దొంగలే. జనం నమ్మకాన్ని కొలిచే సర్వే అరెస్టు రోజున పెరుగుతుంది. విడుదల రోజున తగ్గడం నేను చూడలేదు. అదేం నమ్మకం మేడమ్?

లెక్చరరు: నువ్వు చెప్పిన రెండు కేసులూ నిజమే. వాటి పక్కన ఇంకోటి పెట్టు. ఒక్క 2014లోనే డీఎన్ఏ కేసుల్లో వెయ్యిమందికి పైగా తుది తీర్పుతో శిక్ష పడింది. మేయర్లు, జడ్జీలు, ఎంపీలు, మంత్రులు ఉన్నారందులో. శిక్షలు వేసింది ప్రాసిక్యూటర్లు కాదు, కోర్టులు. కెమెరాల సంగతి నువ్వు చెప్పింది సబబే గానీ జనాన్ని కదిలించింది కెమెరాలు మాత్రమే కాదు. 2015 అక్టోబరు 30 గుర్తు చేసుకో.

లాయరు: కొలెక్టివ్ క్లబ్బు.

లెక్చరరు: అవును. బుకారెస్ట్‌లో ఆ నైట్‌క్లబ్బులో పాటల కచేరీ మధ్యలో బాణసంచా నిప్పురవ్వ గోడల మీది ఫోముకు అంటుకుంది. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండా నడుస్తున్న క్లబ్బు. లోపల కిక్కిరిసిన పిల్లలు, బయటపడే దారి ఇరుకు. మొత్తం 64 మంది పోయారు. అందులో సగానికి పైగా ఆ రాత్రి పోలేదు, తర్వాత ఆస్పత్రుల్లో పోయారు. ‘అవినీతి చంపుతుంది’ అని రాసుకుని జనం వీధుల్లోకొచ్చారు. అయిదు రోజుల్లో పోంటా రాజీనామా చేశాడు. మరుసటేడు, ఒక క్రీడా పత్రిక విలేఖరులు తవ్వి తీశారు: ఆస్పత్రులకు సరఫరా అయిన క్రిమిసంహారక మందుల్లో నీళ్లు కలిపారు. లేబుల్ మీద రాసిన గాఢతకూ సీసాలో ఉన్నదానికీ పొంతన లేదు. కాలిన గాయాలతో పడుకున్న పిల్లల వార్డుల్లో క్రిములు. లంచం తిని సంతకం పెట్టిన కాగితం ఆఖరికి ఎక్కడ తేలుతుందో ఒక తరమంతా చూసింది. ఆ తర్వాత డీఎన్ఏ అంటే వాళ్లకు బ్రస్సెల్స్ గుర్తురాదు, ఆ పిల్లలు గుర్తొస్తారు.

(అలెగ్జాండర్ నానావ్ తీసిన ‘కొలెక్టివ్’ డాక్యుమెంటరీలో ఈ కథంతా ఉంది. కూర్చుని చూడటం కష్టం, అయినా చూడాలి. అవినీతిని మనం రూపాయల్లో లెక్కేయడానికి అలవాటుపడ్డాం. ఆ లెక్క ఎంత అన్యాయమో ఆ సినిమా చెప్పినంతగా నాకు మరేదీ చెప్పలేదు.)

లాయరు: ఆ పిల్లల పేరు చెబితే నేను నోరెత్తలేను మేడమ్. కానీ ఎత్తాలి. ఎందుకంటే అంత దుఃఖం వెనకుంటే జనం సంస్థను ప్రశ్నలడగడం మానేస్తారు. ఆ రోజుల్లో డీఎన్ఏ మీద నమ్మకం సర్వేల్లో సగానికి పైన, పార్లమెంటు మీద, పార్టీల మీద నమ్మకం అట్టడుగున ఉండేవి. వేరే ఎవరి మీదా లేని నమ్మకమంతా తెచ్చి ఒక ప్రాసిక్యూటర్ల ఆఫీసు మీద పెట్టారు. అదే సమయంలో ఆ ఆఫీసు వెనక ఏం జరిగింది? ఫోన్ ట్యాపింగ్ అంటే ఏమిటో ఇప్పుడు మన తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. డీఎన్ఏ కేసుల్లో ఫోన్లు వినే పనిని చేసిపెట్టింది దేశ గూఢచారి సంస్థ ఎస్ఆర్ఐ. ఆ సంస్థకూ ప్రాసిక్యూటర్లకూ మధ్య 2009లో ఒక రహస్య ఒప్పందం కుదిరింది. జనానికి అది 2018 దాకా తెలియదు. ముద్దాయికీ తెలియదు, అతని లాయరుకీ తెలియదు. నా స్థానంలో నిలబడి ఆలోచించండి. నా కక్షిదారు మీద సాక్ష్యం ఎవరు సేకరించారో, ఏ నిబంధన కింద సేకరించారో తెలియకుండా నేను క్రాస్ ఎగ్జామినేషన్ ఏం చెయ్యాలి?

లెక్చరరు: 2016 ఫిబ్రవరిలోనే రాజ్యాంగ న్యాయస్థానం ఆ పద్ధతి చెల్లదంది.

లాయరు: అంది. అప్పటికి ఎన్ని కేసులు అయిపోయాయి? 2015లో ఎస్ఆర్ఐ జనరల్ ఒకాయన న్యాయవ్యవస్థను తమ సంస్థకు ‘వ్యూహక్షేత్రం’ అన్నట్టు మాట్లాడాడు. చౌషెస్కు కాలంలో రహస్య పోలీసు సంస్థ సెక్యూరిటాటే చెవులు గోడగోడకూ ఉన్న దేశమది. ఇంటి టెలిఫోను మీద దిండు పెట్టి మాట్లాడుకున్న తరం ఇంకా బతికే ఉంది. అలాంటి చోట గూఢచారులను మళ్లీ కోర్టు గదిలోకి తెచ్చారు. బ్రస్సెల్స్ మాత్రం చేరిక తర్వాత కూడా న్యాయవ్యవస్థ మీద కనిపెట్టి ఉండటానికి ఒక పర్యవేక్షణ యంత్రాంగం పెట్టి, నివేదిక మీద నివేదికలో డీఎన్ఏను మెచ్చుకుంటూ పోయింది. ఎంతమందిని పట్టారన్నది లెక్కపెట్టింది, ఎలా పట్టారన్నది అడగలేదు.

లెక్చరరు: దీన్ని నేను సమర్థించను. సమర్థించకూడదు కూడా. గూఢచారి సంస్థ చెవి అరువు తెచ్చుకున్న రోజునే డీఎన్ఏ తన శత్రువుల చేతికి ఆయుధం ఇచ్చింది. అయితే ఆ ఆయుధం పట్టుకున్నదెవరో కూడా చూడు. ‘సమాంతర రాజ్యం’ అని దేశమంతా అరిచింది పాలక పార్టీ అధినేత లివియు ద్రాగ్న్యా. ఎన్నికల అక్రమాల కేసులో శిక్ష పడినందుకే ఆయన ప్రధాని కాలేకపోయాడు. ఇంకో కేసు కోర్టులో ఉంది. ఆ కోపం ముద్దాయిల హక్కుల కోసమంటే నేనెలా నమ్మను? నిజంగా హక్కుల కోసమైతే ట్యాపింగ్ చట్టాన్ని బాగుచెయ్యాలి, వాళ్లు చేసింది అర్ధరాత్రి ఆర్డినెన్సు.

ఇక్కడ నా మాట ఒకటి. లాయరు చెప్పిందే సరైనదని నాకు అనిపిస్తుంది, లెక్చరరుగారి జవాబు విన్న తర్వాత కూడా. ఆయుధం దొంగ చేతిలో ఉందన్నది నిజమే, కానీ ముందు ఆ ఆయుధాన్ని తయారుచేసింది సంస్థే. మంచివైపున ఉన్నామనుకునే దర్యాప్తు అధికారికి అన్నిటికంటే పెద్ద ప్రమాదం జనం చప్పట్లు. ఆ చప్పట్లు వినిపిస్తుండగా నిబంధనల పుస్తకం తెరవడానికి ఎవరికి బుద్ధి పుడుతుంది? ప్రజల విశ్వాసం సంస్థకు రక్షణ అని మనమందరం రాస్తాం. రొమేనియాలో ఆ విశ్వాసమే కొన్నేళ్లపాటు సంస్థను తనిఖీ నుంచి తప్పించింది.

లాయరు: ఇప్పుడు మీ 2017కి వద్దాం. బుకారెస్ట్‌లోని విక్టోరియెయ్ కూడలిలో లక్షలమంది. ఏమని నినదించారు? డీఎన్ఏ వచ్చి మిమ్మల్ని పట్టుకుపోతుందని. ప్రాసిక్యూటర్ వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోవాలని జనసమూహం గొంతెత్తి పాడటం నాకు భయం పుట్టిస్తుంది.

లెక్చరరు: నినాదం ఒక్కటే విని భయపడకు, అడిగిందేమిటో చూడు. ఎవరినీ విచారణ లేకుండా లోపలెయ్యమనలేదు. చర్చ లేకుండా, రాత్రికి రాత్రి, తమకోసం తాము రాసుకున్న చట్టాన్ని వెనక్కి తీసుకోమన్నారు. ఫిబ్రవరి 5న తీసుకున్నారు, నాలుగు రోజులకు న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశాడు. ఒక్క అద్దం పగలగొట్టకుండా చేతుల్లోని ఫోన్ల దీపాలు పైకెత్తి నిలబడ్డ జనమే ఎక్కువ. వాళ్లు పార్లమెంటుకు పార్లమెంటు పని నేర్పారు.

లాయరు: సరే, ఆ జనం 2018లో ఎక్కడున్నారు? డీఎన్ఏ అధిపతి లౌరా కోద్రుత్సా కోవెషిని తొలగించాల్సిందేనని రాజ్యాంగ న్యాయస్థానం మే 30న అధ్యక్షుడికి చెప్పింది. జూలై 9న యొహానిస్ సంతకం పెట్టాడు.

లెక్చరరు: నిరసనలు జరిగాయి. 2017 అంత పెద్దవి కావు. ఆమె మాత్రం ఊరుకోలేదు. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. తొలగింపును సవాలు చేసే దారి ఆమెకు లేకుండా చేశారని, మాట్లాడే హక్కుకూ భంగం కలిగించారని 2020 మేలో తీర్పొచ్చింది. ఈలోగా ఈయూలోని చాలా దేశాలకు కలిపి కొత్తగా పెట్టిన యూరోపియన్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయానికి ఆమెనే మొదటి అధిపతిగా ఎంచుకున్నారు. ఆమె రాకూడదని పోట్లాడింది సొంత దేశపు ప్రభుత్వమే. పోటీలో ఉండగా ఆమె మీద కేసు పెట్టి, దేశం దాటొద్దని ఆంక్ష పెట్టారు, కోర్టు కొట్టేసింది. 2021 జూన్ 1 నుంచి ఆ కార్యాలయం లక్సెంబర్గ్‌లో పనిచేస్తోంది.

లాయరు: అదీ నా మాట! ఇంట్లో తీసేసిన మనిషిని ఐరోపా పైన కూర్చోబెట్టింది. జనం నమ్మకం కూడా ఆమె వెంట లక్సెంబర్గ్ వెళ్లిపోయింది. బుకారెస్ట్‌లో ఏం మిగిలింది? ఆమె తర్వాత అధిపతుల పేర్లు ఎంతమందికి తెలుసు? నేరానికి లిమిటేషన్, అంటే కేసు గడువు, లెక్కగట్టే నిబంధన ఒకటి రాజ్యాంగ విరుద్ధమని 2018లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దాని స్థానంలో కొత్తది రాయాల్సింది పార్లమెంటు. నాలుగేళ్లు రాయలేదు. 2022లో మళ్లీ తీర్పొచ్చింది: ఆ నాలుగేళ్లూ లిమిటేషన్‌ను కొత్తగా మొదలుపెట్టే నిబంధనే లేనట్టు. దాంతో శిక్ష పడినవాళ్లూ, పడబోయేవాళ్లూ కేసు గడువు తీరిందంటూ బయటికి రావడం మొదలైంది. లక్సెంబర్గ్‌లోని ఈయూ న్యాయస్థానం 2023 జూలైలో జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ ఏడాదే సెప్టెంబరు 15న బ్రస్సెల్స్ పర్యవేక్షణను మూసేసింది, ఇక అవసరం లేదంది. 2025 జనవరి 1 నుంచి సరిహద్దు తనిఖీల్లేని షెంజెన్ ప్రాంతంలో పూర్తి సభ్యత్వం. గమ్యాలన్నీ చేరారు. కేసులు మాత్రం గాలికిపోయాయి. దానికోసం 5 లక్షల మంది కాదు, 5 వేల మందైనా కూడలికొచ్చారా?

లెక్చరరు: రాలేదు. నువ్వు దాన్ని జనం నమ్మకం చల్లారిందంటావు, నేను వేరేగా చూస్తాను. అర్ధరాత్రి ఆర్డినెన్సు కళ్లకు కనపడే దొంగతనం, తెల్లారేసరికి చిన్నపిల్లాడికి కూడా అర్థమైపోతుంది. లిమిటేషన్ నిబంధన రాయకుండా ఊరుకోవడం కనపడదు. ఏమీ చేయకపోవడమే అక్కడ చేసిన పని. దానికెదురుగా ప్లకార్డు మీద ఏం రాస్తావు? 2017లో ఓడిపోయిన నాయకులు నేర్చుకున్నది ఇదేనని నా అనుమానం: చట్టం మార్చొద్దు, మార్చాల్సిన రోజున చేతులు ముడుచుకుని కూర్చోండి చాలు.

లాయరు: కనపడేదాన్నే జనం కాపాడతారని మీరు ఒప్పుకుంటున్నట్టే కదా?

లెక్చరరు: ఒప్పుకుంటాను. కానీ కనపడనిదాన్ని చూపించడం మనలాంటివాళ్ల పని, వాళ్ల లోపం కాదు. నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పింది అందుకే. ఇంకొకటి. ద్రాగ్న్యాకు మూడున్నరేళ్ల శిక్ష ఖాయమైంది 2019 మే 27న, ఐరోపా పార్లమెంటు ఎన్నికల మరునాడు. అవినీతి కేసుల్లో క్షమాభిక్షలు వద్దా, ఆర్డినెన్సులు వద్దా అని అడిగిన రెఫరెండం కూడా ఆ ఎన్నికల రోజే జరిగింది, జనం వద్దని భారీగా ఓటేశారు. చేరిన పన్నెండేళ్లకు వేసిన ఓటది.

లాయరు: క్రొయేషియా సంగతేమిటి మరి? మాజీ ప్రధాని ఇవో సనాదర్‌ను 2010 డిసెంబరులో ఆస్ట్రియాలో పట్టుకున్నారు. 2012 నవంబరులో పదేళ్ల శిక్ష. 2013 జూలై 1న ఈయూ ప్రవేశం. 2015లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. ఈ తేదీల వరస చూస్తే మామూలు మనిషికి ఏమనిపిస్తుంది?

లెక్చరరు: అనుమానం వస్తుంది. కానీ వరస అక్కడితో ఆపేస్తే అన్యాయం. సనాదర్ మీద తర్వాతి కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి, చేరిక అయిన చాన్నాళ్లకు. క్రొయేషియాలో నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. 2024 నవంబరులో ఆరోగ్యమంత్రిని అరెస్టు చేశారు. ఆ కేసు ఎవరిదని కోవెషి కార్యాలయమూ క్రొయేషియా సొంత సంస్థ ఉస్కోకూ పోటీపడ్డాయి. దేశపు ప్రధాన ప్రాసిక్యూటర్ సొంత సంస్థకే ఇచ్చేశాడు. ఐరోపా కార్యాలయం బాహాటంగా అభ్యంతరం చెప్పింది. మామూలు మనిషికి రెండు తలుపులు కనిపిస్తున్నాయి, ఏది న్యాయం వైపు తెరుచుకుంటుందో తెలియదు.

లాయరు: మనవాళ్లకయితే ఆ తికమక లేదు. సీబీఐ వచ్చిందంటే ఢిల్లీలో ఎవరున్నారు, ఏసీబీ వచ్చిందంటే రాష్ట్రంలో ఎవరున్నారు అని చూస్తారు, అంతే. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సీబీఐకి సాధారణ సమ్మతి వెనక్కి తీసుకుంది, ప్రభుత్వం మారాక 2019లో తిరిగిచ్చింది. 2022లో తెలంగాణ వెనక్కి తీసుకుంది. సమ్మతి తీసేసినప్పుడు గానీ ఇచ్చినప్పుడు గానీ మనవాళ్లెవరూ అట్టముక్క పట్టుకోలేదు.

లెక్చరరు: ఎందుకు పట్టుకుంటారు? పాలకుడి మీదికి పోయిన దర్యాప్తు సంస్థ వాళ్ల అనుభవంలో లేదు. రొమేనియాలో అధికారంలో ఉన్న పార్టీ అధినేత జైలుకెళ్లాడు. ఉక్రెయిన్‌లో 2025 నవంబరులో ఏమైంది? జూలైలో జనం కాపాడిన ఆ నాబూయే అణువిద్యుత్ సంస్థ ఎనెర్గోఆటమ్‌లో సుమారు 10 కోట్ల డాలర్ల ముడుపుల వ్యవహారాన్ని బయటపెట్టింది. పదిహేను నెలల దర్యాప్తు, వెయ్యి గంటల రికార్డింగులు. అధ్యక్షుడి పాత వ్యాపార సహచరుడు తిమూర్ మిందిచ్ సోదాలకు కాస్త ముందే దేశం దాటాడు. ఇద్దరు మంత్రులు పోయారు. ఆ నెలాఖరున అధ్యక్షుడి కుడిభుజం ఆంద్రీ యెర్మాక్ ఇంట్లో సోదా జరిగింది, ఆ రోజే ఆయన పదవి వదిలాడు. జూలైలో చట్టం ఎందుకంత తొందరగా వచ్చిందో జనం అప్పుడు తమంతట తామే కలిపి చూసుకున్నారు.

లాయరు: వెయ్యి గంటల రికార్డింగులు. ఎవరు విన్నారు మేడమ్?

లెక్చరరు: ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. నాబూ తానే విన్నది. ఫోన్లు వినడానికి గూఢచారి సంస్థ మీద ఆధారపడనక్కర్లేకుండా 2019లోనే చట్టం మార్చి దానికి సొంత అధికారం ఇచ్చారు. కేసులు నడపడానికి విడిగా ఉన్నత అవినీతి నిరోధక న్యాయస్థానం పెట్టారు. రొమేనియా పడిన గుంతలో వాళ్లు పడకూడదనుకున్నారు. నీ బాధకు కొంతయినా జవాబు దొరికిందా?

లాయరు: కొంత దొరికింది. సొంతంగా వినే సంస్థను ఎవరు తనిఖీ చేస్తారన్న ప్రశ్న ఇంకా నిలబడే ఉంది. ఆ న్యాయస్థానానికి జడ్జీలను ఎంచుకునేటప్పుడు విదేశీ నిపుణుల బృందం కూర్చుని, పనికిరారనుకున్నవాళ్లను పక్కన పెట్టింది. జనం ఆ కోర్టును నమ్మడానికి అదొక కారణం. అరువు నమ్మకమది. చేరిక అయ్యాక ఆ నిపుణులు వెళ్లిపోతారు. అప్పుడు?

లెక్చరరు: అందుకే చేరేలోగా జరగాల్సినవి ఉన్నాయంటాను. అధిపతిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీస్తారు, తీసేస్తే ఎక్కడ మొర పెట్టుకోవాలి? కోవెషికి ఆ మూడోది లేదు. ట్యాపింగ్ అనుమతి ఏ జడ్జి ఇస్తాడు, ముద్దాయికి ఎప్పుడు చెబుతారు? ఇవన్నీ బ్రస్సెల్స్ మాటకు విలువున్న రోజుల్లోనే చట్టంలోకి ఎక్కాలి. ఒకసారి లోపలికెళ్లాక అడగడానికి దానికి పట్టు ఉండదని రొమేనియా చూపించింది. 2017లో ఉక్రెయిన్ నేరవిచారణ చట్టంలో చేర్చిన సవరణల వల్ల దర్యాప్తు గడువు ఒక్కరోజు దాటినా కేసు మూతపడే ప్రమాదం ఉంది. ముందు అది పోవాలి. అక్కడి పౌరసంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి.

లాయరు: దాని కోసం నాటకశాల ముందు ఎవరైనా నిలబడ్డారా?

లెక్చరరు: జూలైలో వచ్చినంతమంది ఎన్నడూ రాలేదు. నీ భయాన్ని నేను కొట్టెయ్యలేను.

లాయరు: నా భయం అది కాదు మేడమ్. ఆ గడువును మీరు పూర్తిగా తీసెయ్యమంటున్నారు, నేను వద్దంటాను. పదేళ్లు దర్యాప్తు పేరుతో మనిషి నెత్తిమీద కేసు వేలాడదీసి, ఉద్యోగం ఊడగొట్టి, ఊళ్లో తలెత్తుకోకుండా చేసి, చివరికి సాక్ష్యం లేదనే సంస్థలను నేను రోజూ చూస్తున్నాను. గడువు ముద్దాయికి రక్ష. జనం చప్పట్లు కొడుతున్నప్పుడు ఆ రక్ష అతనికి ఇంకా ఎక్కువ కావాలి.

లెక్చరరు: గడువు ఉండాలి, సరే. ఒక్కరోజు దాటిందని 10 కోట్ల డాలర్ల కేసు చెత్తబుట్టలోకి పోకూడదు. గడువు దాటితే ఏం చెయ్యాలో జడ్జి నిర్ణయించాలి, కారణం రాసి, ముద్దాయి మాట విని.

లాయరు: ఆ జడ్జికి ఎన్ని నెలల వెసులుబాటు ఇస్తారు?

లెక్చరరు: నువ్వు చెప్పు. నువ్వే కదా ముద్దాయిల తరఫు.

లాయరు: ఆరు. ఒక్కసారే. ముద్దాయి జైల్లో ఉంటే అదీ లేదు.

లెక్చరరు: విదేశీ బ్యాంకుల నుంచి ఒక్క కాగితం తెప్పించడానికే ఆరు నెలలు చాలవు. పన్నెండు చెయ్యి, జైల్లో ఉన్నవాడి విషయంలో నీ మాటే ఉంచుతాను.